మైకు పక్కన పెట్టిన పాస్టర్లు

వీధి సువార్త అనగానే మనకు గుర్తొచ్చేది కూడలిలో మైకు, చేతిలో బైబిలు, వచ్చేపోయేవాళ్లకు ఇచ్చే కరపత్రం. చెప్పాల్సింది చెప్పి, ప్రార్థన చేసి వెళ్లిపోతారు. విన్నవాడు మర్నాడు ఏమయ్యాడన్నది చెప్పినవాళ్లకు తెలిసే వీలే లేదు. అమెరికాలోని బోస్టన్ నగరంలో 1990ల్లో కొందరు నల్లజాతి పాస్టర్లు ఆ మర్నాటి సంగతినే తమ పనిగా పెట్టుకున్నారు. వాళ్లు చేసిందేమిటో, అందులో ఎంత ఫలించిందో తెలుసుకోవడం మన సంఘాలకూ అవసరమని నా నమ్మకం.

ముందు ఆనాటి పరిస్థితి. 1990లో బోస్టన్‌లో 152 హత్యలు జరిగాయి. డార్చెస్టర్, రాక్స్‌బరీ, మాటపాన్ అనే మూడు పేటల్లో క్రాక్ కొకైన్ వ్యాపారం, దాంతోపాటు తుపాకులు పిల్లల చేతుల్లోకి వచ్చిపడ్డాయి. పోలీసుల మీద ఆ పేటలకు నమ్మకం పోయింది. దానికి కారణం ఉంది. 1989 అక్టోబరులో చార్లెస్ స్టువర్ట్ అనే తెల్లజాతీయుడు, గర్భవతి అయిన తన భార్యను ఒక నల్లవాడు కాల్చి చంపాడని చెప్పాడు. పోలీసులు ఆ మాట నమ్మి నల్లజాతి కుర్రాళ్లను వీధుల్లో నిలబెట్టి సోదాలు చేశారు. చంపింది భర్తేనని కొన్ని వారాలకే బయటపడింది. ఆ అవమానం తర్వాత, కళ్ల ముందు హత్య జరిగినా పోలీసులకు సాక్ష్యం చెప్పడానికి ఎవరు ముందుకొస్తారు?

మరి చర్చిలు ఏం చేస్తున్నాయి? జెఫ్రీ బ్రౌన్ అప్పట్లో బోస్టన్‌ను ఆనుకుని ఉన్న కేంబ్రిడ్జ్‌లో ఒక బాప్టిస్టు సంఘానికి యువ పాస్టరు. హింస వద్దని ఆదివారం ఆదివారం ప్రసంగించేవాడు, చనిపోయిన పిల్లలకు సమాధి కార్యక్రమాలు జరిపించేవాడు. ఆ రోజుల్లోనే ఒక తోలు జాకెట్ కోసం జరిగిన గొడవలో ఒక యువకుడు ఆయన చర్చికి కూతవేటు దూరంలో ప్రాణం విడిచాడు. ఆ కుర్రాడు చర్చిదాకా పరుగెత్తగలిగినా లాభం ఉండేది కాదని, లోపల దీపాలు ఆర్పేసి ఉన్నాయని, మనిషన్నవాడు లేడని బ్రౌన్ తర్వాత బహిరంగంగానే చెప్పుకున్నాడు.

డార్చెస్టర్‌లో యూజీన్ రివర్స్ అనే పెంతెకొస్తు పాస్టరుకు మరో విధంగా కనువిప్పు కలిగింది. పిల్లలంతా నీ వెంటే ఎందుకు పడుతున్నారని ఆయన ఒక మత్తుమందు వ్యాపారిని అడిగాడు. రొట్టె కొనడానికి కుర్రాడు కొట్టుకు బయల్దేరినప్పుడు వీధిలో ఉండేది నేను, నువ్వు కాదు కదా అన్నాడట ఆ వ్యాపారి. సమాజం గురించి అంతకన్నా సూటైన విశ్లేషణ నేను ఎక్కడా చదవలేదు. రివర్స్ కుటుంబం ఆ పేటలోనే కాపురముంది. ఇంటి మీద తూటాలు పేలినా ఊరు విడిచిపోలేదు.

చర్చిలన్నిటినీ కుదిపేసిన ఘటన 1992 మే నెలలో జరిగింది. మాటపాన్‌లోని మార్నింగ్ స్టార్ బాప్టిస్టు చర్చిలో, తుపాకీ కాల్పుల్లో చనిపోయిన ఓ యువకుడి అంత్యక్రియల ఆరాధన సాగుతోంది. ప్రత్యర్థి ముఠా లోపలికి చొరబడి, దుఃఖంలో ఉన్న జనం మధ్యనే ఒక కుర్రాణ్ని పొడిచింది. మేం వీధిలోకి వెళ్లకపోతే వీధే మా గుడిలోకి వస్తుందని పాస్టర్లకు అర్థమైంది. బ్రౌన్, రివర్స్, వైద్యవృత్తిలోంచి వచ్చిన పాస్టరు రే హామండ్, మరికొందరు కలిసి టెన్ పాయింట్ కోయలిషన్ అనే కూటమి కట్టారు. వాళ్ల పది అంశాల్లో ఒక్కో ముఠాను కొన్ని చర్చిలు దత్తత తీసుకోవడం ఒకటి. కోర్టుకెక్కిన పిల్లల పక్షాన నిలబడటానికి మనుషులను పంపడం మరొకటి. మత్తుమందుల వ్యాపారంలో ఉన్న కుర్రాళ్లతో వీధిలోనే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడే సువార్తికులను నియమించడం ఇంకొకటి. గుంపు ముందు ప్రసంగానికి బదులు ఒక మనిషితో సంభాషణ. అసలు మలుపు ఇక్కడే ఉంది.

శుక్రవారం రాత్రి పదింటికి బయల్దేరి తెల్లవారుజామున రెండింటిదాకా నడిచేవారు. మొదట్లో కుర్రాళ్లు పలకరించలేదు. దూరం నుంచి కనిపెట్టి చూశారు. ఎందుకలా చేశారో తర్వాత వాళ్లే చెప్పారు: వీళ్లు మళ్లీ మళ్లీ వస్తారా, లేక రెండు వారాలు తిరిగి మానేస్తారా? మమ్మల్ని చూపించి తమ పేరు పెంచుకోవడానికి వచ్చారా? ఈ రెండూ తేలేదాకా నోరు విప్పలేదు. నమ్మకం కుదిరాక పాస్టర్లు ఉపదేశం మొదలుపెట్టలేదు, ప్రశ్నలడిగారు. వీధి గురించి మాకు తెలియదు, మీకు తెలుసు, ఈ చావులు ఆగాలంటే మేం ఏం చేయాలో చెప్పండి అన్నారు. దిద్దాల్సిన పాపులుగా కాక, కలిసి పనిచేయాల్సిన మనుషులుగా ఆ పిల్లలను చూడటం పాస్టర్లకే ఎక్కువ కష్టమైందని బ్రౌన్ మాటలను బట్టి తెలుస్తుంది. నాకు ఆ నడకలో అన్నిటికన్నా విలువైనది ఈ మార్పే.

ఇక పోలీసుల సంగతి. మొదట్లో రివర్స్ వాళ్లను ఘాటుగా విమర్శించేవాడు. రానురాను రెండు పక్షాలూ ఒక అవగాహనకు వచ్చాయి. నగరంలో 61 ముఠాలు, వాటిలో సుమారు 1,300 మంది సభ్యులున్నారని హార్వర్డ్ పరిశోధకులు లెక్కతేల్చారు. నగర యువతలో ఒక్క శాతం కూడా కాని వీళ్ల ముఠాల చుట్టూనే యువకుల హత్యల్లో కనీసం 60 శాతం నడిచేవి. అంటే పేటంతటినీ అనుమానించాల్సిన పనే లేదు. 1996లో మొదలైన ఆపరేషన్ సీజ్‌ఫైర్ ఈ లెక్క మీదే నడిచింది. ముఠా సభ్యులను సమావేశానికి పిలిచేవారు. తుపాకీ పేలితే ముఠా మొత్తం మీద చట్టం విరుచుకుపడుతుందని పోలీసులు, ప్రాసిక్యూటర్లు ముఖం మీదే చెప్పేవారు. పాత నేరచరిత్ర ఉండి ఒకే ఒక్క తూటాతో దొరికిన మనిషికి దాదాపు ఇరవై ఏళ్ల శిక్ష పడిందని ఒక కరపత్రంలో అచ్చువేసి చూపించారు. అదే గదిలో పాస్టర్లు, వీధి కార్యకర్తలు కూర్చుని, బయటపడాలనుకునేవాళ్లకు చదువు, పని, అండ ఇస్తామని చెప్పేవారు. పోలీసులు న్యాయంగా నడిచినంతకాలం పాస్టర్లు వాళ్లకు గొడుగు పట్టారని, తప్పుచేసినప్పుడు గొడుగు మూసి బహిరంగంగా నిలదీశారని హార్వర్డ్ సమాజశాస్త్రవేత్త క్రిస్టొఫర్ విన్‌షిప్ విశ్లేషించాడు. పోలీసులకు ఊరికే వత్తాసు పలికి ఉంటే పాస్టర్ల మాటకు వీధిలో పూచికపుల్ల విలువైనా ఉండేది కాదు.

1999 నాటికి నగరంలో హత్యలు 31కి దిగాయి. ఇది పాస్టర్ల ఘనతేనా? నిజాయితీగా చెప్పాలంటే విడదీసి తూచలేం. ఆ దశాబ్దంలో అమెరికా అంతటా హత్యలు తగ్గాయి, క్రాక్ వ్యాపారమూ చల్లబడింది. సీజ్‌ఫైర్ అమలుతో యువకుల నెలవారీ హత్యలు 63 శాతం తగ్గాయని ఒక అధ్యయనం తేల్చితే, అందులో ఎంత దాని ఫలితమో చెప్పడం కష్టమని మరికొందరు పండితులు వాదించారు. పైగా 2000 తర్వాత నాయకుల మధ్య పొరపొచ్చాలు వచ్చాయి, కలిసి నడవడం సడలింది, హత్యలు మళ్లీ పెరిగాయి.

కొలవగలిగింది వేరే ఉంది. ఒక పిల్లవాడికి ఒక పెద్దదిక్కును జతచేస్తే ఏమవుతుంది? బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ సంస్థ ద్వారా 10 నుంచి 16 ఏళ్ల పిల్లలు 959 మందిని ఏడాదిన్నర పాటు గమనించిన అధ్యయనం 1995లో వెలువడింది. పెద్దదిక్కు దొరికిన పిల్లలు మత్తుమందులు మొదలుపెట్టే అవకాశం మిగతావాళ్లకన్నా 46 శాతం తక్కువని తేలింది. వాళ్లు బడి ఎగ్గొట్టడమూ బాగా తగ్గింది. అదే సమాచారాన్ని మరింత లోతుగా చూసిన పరిశోధకులకు 2002లో ఇంకో సంగతి కనిపించింది. మేలంతా ఏడాదికి పైగా సాగిన జతల్లోనే ఎక్కువగా ఉంది. మూడు నెలల్లోపే తెగిపోయిన చోట పిల్లల ఆత్మవిశ్వాసం మునుపటికన్నా పడిపోయింది. అప్పటికే తండ్రి వదిలేసి వెళ్లిన పిల్లవాడికి ఇది మరో వదిలివేత.

అందుకే వేసవి సెలవుల్లో పది రోజులు బస్తీకి వెళ్లి, పిల్లలను దగ్గరకు తీసి, ఫొటోలు దిగి వచ్చే పరిచర్య నన్ను కలవరపెడుతుంది. ఉద్దేశం మంచిదే అయినా గాయం నిజమైనదే. అలాగే బాప్తిస్మం తీసుకుంటేనే ఫీజు కడతాం, చర్చికి వస్తేనే పని చూపిస్తాం అనే షరతు పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. ఆకలితో ఉన్న పిల్లవాడు చెప్పే ఆమేన్‌ను విశ్వాసమని లెక్కపెట్టలేం.

మధ్యలో వదిలేయకుండా పిల్లలకు అండగా నిలిచే విషయంలో ఫిలడెల్ఫియాలో నడిచిన ఏర్పాటు చూడదగ్గది. ఆ నగరానికి తొలి నల్లజాతి మేయరుగా పనిచేసిన విల్సన్ గుడ్ యుక్తవయసులో ఉండగా తండ్రి జైలుకెళ్లాడు. కాలేజీకి వెళ్లమని ఆయనను ముందుకు నెట్టింది ఆయన పాస్టరు దంపతులు. పదవి దిగాక ఆయనా పాస్టరయ్యాడు. తల్లో తండ్రో జైల్లో ఉన్న పిల్లల కోసం 2000 తర్వాత అమాచీ అనే కార్యక్రమాన్ని నడిపించాడు. చర్చిల పని మనుషులను ఇవ్వడం. వాళ్ల పూర్వాపరాలు విచారించడం, పిల్లలతో జతచేయడం, ఆ తర్వాత కనిపెట్టుకుని ఉండటం అనుభవమున్న బయటి సంస్థ పని. ముందుకొచ్చినవాళ్లు ఒప్పుకోవాల్సింది వారానికి కనీసం ఒక గంట చొప్పున కనీసం ఒక ఏడాది.