డబ్బా మూత తీసి వాసన చూడొద్దు

మా నాయిన షోలాపూర్‌లో రంగుల కార్ఖానాలో ముప్పై ఏండ్లు పనిచేసిండు. కొత్త డబ్బా మూత తీస్తే ముందు వాసన చూసేటోడు. "అట్ల పీల్చొద్దు నాయినా" అంటే, "చూడకుంటే లోపల ఏముందో ఎట్ల తెలుస్తది బిడ్డా?" అనేటోడు.

ఆయన అడిగినదానికి జవాబు చెప్పే యంత్రం ఉంది. పేరు మాస్ స్పెక్ట్రోమీటర్. పేరు పెద్దది గాని చేసేది తక్కెడ పనే. రసాయనంలోని అణువులకు విద్యుత్ ఆవేశం ఎక్కించి, బరువును బట్టి వేరు చేస్తుంది. బెంజీన్ అణువు బరువు 78, స్టైరీన్‌ది 104. రెండింటి బరువు ఒక్కటే అయితే, అణువును పగలగొట్టి ముక్కల బరువు చూస్తుంది.

చిక్కు ఎక్కడంటే, అణువులు గాలికి తగలకుండా యంత్రం లోపల శూన్యం ఉండాలి. గాలిని తోడే పంపులు బరువు. అందుకే ల్యాబుల్లో అది కదలకుండా ఒకచోటే ఉంటది. నమూనానే దాని దగ్గరికి పోవాలి.

అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీకి చెందిన గ్రాహం కుక్స్, జెంగ్ ఔయాంగ్ బృందం దీన్ని చిన్నగ చేసింది. 2006లో వాళ్లు చూపిన 'మినీ 10' బరువు 10 కిలోలు, బ్యాటరీతో నడిచేది. 2008లో ఇంకో ఉపాయం పట్టిన్రు: నమూనా లోపలికి పోయే దారిని కొన్ని మిల్లీసెకన్లే తెరిచి మూస్తే, చిన్న పంపు సరిపోతది. 2010లో మరొకటి: మూడు మూలల కాగితం ముక్క మీద నమూనా చుక్క వేసి, ద్రావకంతో తడిపి, ఎక్కువ వోల్టేజీ ఇస్తే, కొస నుంచి సన్నటి తుంపర యంత్రంలోకి పోతది. గంటల పని నిమిషాల్లో అయితది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో స్టైరీన్ ఆవిరి లీకైంది. నిద్రలో ఉన్నోళ్లు లేచి ఉరికిన్రు. అసువంటి చోట గాలిలో ఏముందో అక్కడికక్కడే తెలిస్తే, ఎవరిని ఎటు పంపాలె, డాక్టరుకు ఏం చెప్పాలె అన్నది తెలుస్తది. అయితే చిన్న యంత్రం పెద్ద ల్యాబంత నిక్కచ్చిగా చెప్పదు. ఖరీదు కూడా మన కార్ఖానాలకు అందేది కాదు.

నాయినకు మూత్రాశయంలో క్యాన్సర్ వచ్చింది. బెంజిడీన్‌తో ఆ జబ్బు వస్తదని శాస్త్రం చెప్తుంది. ఆయన తెరిచిన డబ్బాల్లో అది ఉండెనో లేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. డబ్బాలు పోయినయి, నాయినా పోయిండు.

అందుకే అన్నలారా, అక్కలారా, ఆ పెట్టె మన దాకా వచ్చేదాకా ఒక్కటి చేయండి. వాసన చూడకండి. పేరు లేని డబ్బా తెరవకండి. రసాయనంతో వచ్చే జాగ్రత్తల కాగితం సేటును అడగండి. చదవరాకుంటే బడికి పోయే పిల్లలతో చదివించుకోండి.