పాత ఎస్ప్రెస్సో యంత్రము: బాగుచేయుటయా, మార్చుటయా?

ఇంటిలో చాలకాలము చక్కగా పనిచేసిన కాఫీ యంత్రము ఒకనాడు చుక్కలు కార్చుట మొదలిడును. కాఫీ పుల్లగా ఉండును. "దీని పని అయిపోయినది, క్రొత్తది కొనవలెను" అని యజమాని నిశ్చయించును. కాని యంత్రమంతయు ఒక్కసారిగా ముసలిదగుట అరుదు. ఏ భాగము ఏ కారణమున చెడినదో తెలిసికొనిన పిదపనే దానిని ఉంచవలెనా, పారవేయవలెనా అని నిర్ణయింపవలెను.

మన ఫిల్టరులో నీరు తన బరువుచేతనే కాఫీపొడిగుండా నెమ్మదిగా దిగును. ఇటలీలో పుట్టిన ఎస్ప్రెస్సో పద్ధతి వేరు. ఇందులో 90 మొదలు 96 సెంటీగ్రేడు డిగ్రీల వేడిగల నీటిని, వాతావరణ పీడనమునకు దాదాపు 9 రెట్ల పీడనముతో, మెత్తని పొడిగుండా 25–30 సెకండ్లలో నెట్టుదురు. వేడి, పీడనము అను ఈ రెండే యంత్రమునకు ప్రాణము. కాలక్రమమున దానిని పాడుచేయునవి కూడ అవియే.

1991లో ఇటలీలో వెలువడిన 'గాజ్జా క్లాసిక్' అను గృహయంత్రమును ఉదాహరణగా తీసికొందము. దాని పాత నమూనాలో సుమారు 100 మిల్లీలీటర్ల నీరు పట్టు చిన్న అల్యూమినియము బాయిలరు కలదు. వేడిచేయు తీగచుట్టలు బాయిలరు గోడలలోనే పోతపోయబడి యుండును. వేడిని అదుపుచేయు థర్మోస్టాటు బాయిలరు వెలుపలి భాగమునకు అంటియుండును.

కఠినజలములో కాల్షియం బైకార్బొనేటు కరగియుండును. నీరు కాగినపుడు అది విడిపోయి, కరగని కాల్షియం కార్బొనేటు తెల్లని పొరగా లోహమునకు పట్టుకొనును. మన ఇండ్లలో నీళ్లు కాచు పాత్రల అడుగున కనిపించు పొర ఇదియే. ఇది వేడిని సరిగా ప్రసరింపనీయదు. లోహము వేడెక్కగానే థర్మోస్టాటు విద్యుత్తును ఆపివేయును. పొర కావలనున్న నీరు మాత్రము ఇంకను కావలసినంత వేడెక్కియుండదు. కాఫీలోని పుల్లని పదార్థములు త్వరగా కరగును. తీపిని, చేదును ఇచ్చునవి కరగుటకు ఎక్కువ వేడి కావలెను. కాఫీ పులుపెక్కుటకు ఇది యొక కారణము. ఈ పొర పెళ్లలుగా ఊడి, విద్యుదయస్కాంత కవాటములో చిక్కుకొనినచో అది పూర్తిగా మూసికొనదు. చుక్కలు కారుటకు మూలము అక్కడ ఉండవచ్చును.

దీనికి మందు సిట్రిక్ ఆమ్లము. అది కార్బొనేటును కరగించి, కార్బన్ డయాక్సైడును వెలువరించును. కాని ఆమ్లము అల్యూమినియమును కూడ తినును. కనుక పలుచని ద్రావణమును తయారీదారు చెప్పినంత కాలము మాత్రమే ఉంచి, మంచినీటితో పలుమారులు కడుగవలెను.

రెండవ శత్రువు వేడి. కాఫీపొడి గిన్నెను బిగించుచోట నుండు రబ్బరు వలయము నిత్యము వేడి తగులుటచే సాగు గుణమును కోల్పోయి గట్టిపడును. గిన్నె వ్యాసము 58 మిల్లీమీటర్లు. దాని వైశాల్యము సుమారు 26 చదరపు సెంటీమీటర్లు. 9 రెట్ల పీడనము దానిపై కలుగజేయు బలము దాదాపు 240 కిలోగ్రాముల బరువునకు సమానము! గట్టిపడిన వలయము ఇంత ఒత్తిడిలో నీటిని ఆపలేదు. ఇంత జరిగినను చెడినది చవకగా దొరకు వలయము మాత్రమే.

యంత్రమును మార్చవలసిన సందర్భములును లేకపోలేదు. తీగచుట్ట కాలిపోయినచో బాయిలరు మొత్తమును మార్చవలెను. ఆ భాగము దొరకనిచో, లేదా దాని వెల క్రొత్త యంత్రపు వెలకు చేరువైనచో, మరమ్మతు లాభకరము కాదు. బాయిలరు గోడలు లోతుగా తినివేయబడినను అంతే. యంత్రమును తాకినపుడు షాకు కొట్టినను, ఫ్యూజు పదేపదే పోవుచున్నను, వెంటనే వాడుక మాని నిపుణునికి చూపవలెను. రక్షణకై అమర్చిన ఫ్యూజును తప్పించి యంత్రమును నడుపుట ప్రాణాపాయకరము. ఏ భాగమును విప్పుటకైనను ముందు ప్లగ్గును తీసి, యంత్రమును పూర్తిగా చల్లారనీయవలెను.

ఇందలి రసాయనశాస్త్రమును తరగతిలోనే చూపవచ్చును. నీళ్లు కాచిన పాత్రనుండి గీకిన తెల్లని పొరపై నిమ్మరసము పోయుడు, బుడగలు లేచును. ఆ వాయువును సున్నపుతేటలోనికి పంపినచో అది పాలవలె తెల్లబడును. పాతదైన యంత్రమునకు ప్రాణము పోయగల చర్యయు ఇదియే.