రికార్డుకెక్కని తూనీగలు

గుమాస్తా పని ఇరవై ఏళ్ళు చేసిన మనిషికి ఒక అలవాటు పట్టుకుంటుంది. ఏ మాట విన్నా “కాగితం ఏదీ?” అని అడుగుతాడు. తారీఖు లేని ఉత్తరం, సంతకం లేని అర్జీ అతని కంటికి ఆనవు. ఆఫీసులో ఇది మంచి గుణమే. ఇంటికి తెచ్చుకుంటే మాత్రం నష్టం జరుగుతుంది. నాకు జరిగింది.

మా మామ్మ, అంటే మా నాన్నగారి తల్లి, యానాంలో పుట్టింది. ఆమె చిన్నతనంలో యానాం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. ఆమె అన్నగారు ఫ్రెంచి సర్కారు కొలువులో సైగాను వెళ్ళారట. ఒకనాటి సాయంకాలం తమలపాకుకు సున్నం రాసుకుంటూ ఆమె నాతో అన్నది: “మా అన్నయ్య ఓడెక్కిన ఏడు మా దొడ్లో కొబ్బరిచెట్టు కాపు మానేసిందిరా. ఒక్క పిందె నిలవలేదు. మళ్ళీ అన్నయ్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిన నెలలో గెల వేసింది.”

నేను వెంటనే, “అది ఏ సంవత్సరం మామ్మా? ఆ ఉత్తరం ఎక్కడైనా ఉన్నదా?” అన్నాను.

“సంవత్సరం నాకేం తెలుసురా? చెట్టునడుగు,” అని మొహం తిప్పుకున్నది.

ఆ తరువాత సైగాను సంగతి ఆమె నా దగ్గర మళ్ళీ ఎత్తలేదు. ఆమె పోయి పదేళ్ళు దాటింది. ఆ అన్నగారు తిరిగి వచ్చారో లేదో, మా ఇంట్లో ఇప్పుడు చెప్పగలవారు లేరు.

ఈ మధ్య ఒక నవల చదువుతూంటే ఆ సాయంకాలం మళ్ళీ నా కళ్ళముందుకు వచ్చింది. మలయాళంలో దాని పేరు ‘మయ్యళిప్పుళయుడె తీరంగళిల్’. మయ్యళి నది ఒడ్డున అని అర్థం. రచయిత ఎం. ముకుందన్. 1974లో వెలువడిన ఈ నవలను గీతా కృష్ణన్‌కుట్టి ఇంగ్లీషులోకి అనువదించారు; నేను చదివింది ఆ అనువాదమే. మయ్యళి అంటే మరేదో కాదు, మాహే. ముకుందన్ 1942లో అక్కడే పుట్టి, ఢిల్లీలో ఫ్రెంచి రాయబార కార్యాలయంలో చాలాకాలం ఉద్యోగం చేశారు.

మాహేకూ మన యానానికీ చుట్టరికం ఉన్నది. పుదుచ్చేరి, కారైకాల్‌లతో కలిసి ఈ రెండూ ఒకే ఫ్రెంచి గొడుగు కింద బ్రతికినవి. ఒకటి పడమటి సముద్రపు ఒడ్డున, ఇంకొకటి గౌతమీ తీరాన. మాహే విస్తీర్ణం తొమ్మిది చదరపు కిలోమీటర్లు, యానాం ముప్పయి. చుట్టూ ఇంగ్లీషువారి రాజ్యం, మధ్యలో అరచేయంత ఫ్రెంచి నేల. మన పెద్దలకు ఈ విచిత్రం బాగా తెలుసు. 1929లో శారదా చట్టం వచ్చి బాల్యవివాహాలు ఇంగ్లీషు ఇలాకాలో నేరమైనప్పుడు, ఆ చట్టం చెల్లని యానానికి పెళ్ళివారు తరలి వచ్చేవారు. యానానికి కళ్యాణపురమనే పేరు అలా వచ్చినదే. ఎల్లకు ఇవతల నేరం, అవతల శుభకార్యం! కథల్లో మాంత్రికుడు గీత గీస్తే మనిషి చిలుక అవుతాడు. ఇక్కడ దొరలు గీసిన గీత దాటితే నేరం పుణ్యమయ్యేది. ఆ మాయకు మూల్యం చెల్లించినవారు మాత్రం పసిపిల్లలు.

ఇటువంటి నేల మీద నడిచిన కథ ముకుందన్‌ది. దామూ రైటరు అనే గుమాస్తా, అతని భార్య కౌసు, తల్లి కురంబి అమ్మ, కొడుకు దాసన్, కూతురు గిరిజ: ఇదీ ఆ కుటుంబం. సముద్రంలో దూరాన వెళ్ళియాంకల్లు అనే రాతిగుట్ట కనబడుతూంటుంది. పుట్టబోయే ప్రాణాలూ, పోయిన ప్రాణాలూ ఆ గుట్ట మీద తూనీగలై ఎగురుతూ ఉంటాయని మయ్యళివారి నమ్మకం. దాసన్ కూడా అక్కడినుంచి ఎగిరి వచ్చినవాడే. నవలలో ఈ మాటను ఎవరూ ఆశ్చర్యపడుతూ చెప్పరు. బియ్యం ధర చెప్పినట్టు, పక్కింటి పెళ్ళి చెప్పినట్టు చెబుతారు.

ఈ పద్ధతికే ఇంగ్లీషులో మేజిక్ రియలిజమ్ అని పేరు. మాంత్రిక వాస్తవికత అని మనవారు తెలిగించారు. 1925లో ఫ్రాంజ్ రో అనే జర్మను విమర్శకుడు ఒక చిత్రకళా ధోరణికి పెట్టిన పేరు తరువాత సాహిత్యానికి అంటుకున్నది. “మన కాశీమజిలీ కథల్లో లేని మాయలా?” అని కొందరు అడగవచ్చు. తేడా ఉన్నది. కాశీమజిలీ కథల్లో మాయ జరిగే పట్టణానికి తాలూకా కచేరీ ఉండదు, పన్ను రసీదు ఉండదు. ఈ నవలల్లో పోలీసులు, జైలు, జీతాలు, అప్పులు అన్నీ ఉన్నవి ఉన్నట్టుంటాయి. వాటి మధ్యన తూనీగ వచ్చి వాలుతుంది. రెండింటికీ ఒకే పీట వేస్తాడు రచయిత.

ఇక కురంబి అమ్మ సంగతి. ఆమె దగ్గర దంతపు పొడుం డబ్బా ఒకటి ఉన్నది. లెస్లీ సాయ్‌వ్, మన మాటలో లెస్లీ దొర, గుర్రపుబండిలో పోతూ ఆమె ముంగిట ఆగి చిటికెడు పొడుం అడుగుతాడు. అంతటి దొర తన ముందు చెయ్యి చాపాడని ముసలమ్మ మనసు నిండిపోతుంది. ఆమె దృష్టిలో తెల్లవారు పరాయివారు కారు. కాని ఆమె ఒడిలో కథలు విని పెరిగిన దాసన్ పుదుచ్చేరి వెళ్ళి చదివి, ఫ్రెంచి సర్కారు ఇవ్వజూపిన ఉద్యోగాన్నీ, పారిస్ చదువునూ కాదని స్వాతంత్ర్య పోరాటంలో చేరతాడు. ఒకే కప్పు కింద నాయనమ్మకు దొర ఆప్తుడు, మనుమడికి శత్రువు.

ఎవరిది ఒప్పు? నాకు ఈ నవలలో నచ్చిన సంగతి ఏమంటే, ముకుందన్ ఆ ముసలమ్మను బానిస బుద్ధి కలదని వెక్కిరించడు. అలాగని పరాయి ప్రభుత్వాన్ని మంచిదనడు. చిటికెడు పొడుముతో ఒక జాతి మనసు ఎలా కట్టుబడిపోతుందో చూపిస్తాడు. ఆ కట్టు తెంచుకోవడానికి ఒక కుర్రవాడు ఎంత పోగొట్టుకోవలసి వస్తుందో అదీ చూపిస్తాడు. మయ్యళికి స్వాతంత్ర్యం వస్తుంది గాని దాసన్ బ్రతుకు కుదుటపడదు, చంద్రికతో అతని ప్రేమ నిలవదు. చివరకు అతడు వెళ్ళియాంకల్లు మీది తూనీగల్లో ఒకడవుతాడు. స్వాతంత్ర్య సమరయోధుడి జాబితాలో గాని, ఉద్యోగుల జాబితాలో గాని చోటు దొరకనివాడికి నాయనమ్మ కథలో చోటు దొరికింది. తూనీగ అక్కడ అలంకారం కాదు. అతనికి మిగిలిన ఒకే ఒక చిరునామా.

చరిత్ర పుస్తకంలో ఈ కాలం ఎలా ఉంటుందో చూడండి. మాహేలో 1948 అక్టోబరులో ప్రజలు పరిపాలనను చేతిలోకి తీసుకున్నారు. కొద్ది రోజుల్లోనే ఫ్రెంచివారు తిరిగి పట్టుకున్నారు. 1954 జూన్ 13న యానాంలో ఫ్రెంచి పాలన కూలింది. జూలై 16న ఫ్రెంచివారు మాహే విడిచి వెళ్ళారు. అక్టోబరు 18న కీళూరులో ఓటు వేసిన 178 మంది ప్రతినిధులలో 170 మంది భారతదేశంలో విలీనానికి సమ్మతించారు. నవంబరు 1న పరిపాలన మన చేతికి వచ్చింది. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా బదిలీ పూర్తి అయినది. అక్కడి ప్రజలకు ఫ్రెంచి పౌరసత్వం కోరుకోవడానికి ఆరు నెలల గడువు కూడా ఇచ్చారు.

ఇవన్నీ నిజాలు, ముఖ్యమైన నిజాలు. నేను వీటిని తక్కువ చేయడం లేదు. కాని 170కీ 8కీ మధ్య కురంబి అమ్మ ఓటు ఎక్కడ? ఆరు నెలల గడువులో ఫారం చేతపట్టుకుని, ఒక అన్న ఒక దేశం, ఒక తమ్ముడు ఇంకొక దేశం కోరుకున్న ఇంట్లో ఆనాటి రాత్రి భోజనాలు ఎలా జరిగి ఉంటాయి? గెజెట్టులో దానికి కాలమ్ లేదు. ఆ కాలమ్ పూరించడానికే ఈ కథకులు తూనీగను పిలుస్తారు.

ముకుందన్ ఒక్కరే కాదు. సల్మాన్ రష్దీ 1981లో వ్రాసిన ‘మిడ్‌నైట్స్ చిల్డ్రన్’ కూడా ఇంగ్లీషు పాలనలోని ఒక కుటుంబంతోనే మొదలవుతుంది. తాతగారు ఆదమ్ అజీజ్ కాశ్మీరంలో నమాజు చేస్తూ గడ్డకట్టిన నేలకు ముక్కు కొట్టుకుంటే, రాలిన మూడు నెత్తుటి బొట్లు కెంపులవుతాయి. అదే ముక్కు 1919లో జలియన్‌వాలాబాగులో దురదపెట్టి, ఆయన తుమ్మి ముందుకు పడతాడు. అందువల్ల ప్రాణం దక్కుతుంది. ఆనాడు డయ్యరు సైనికులు కాల్చిన గుళ్ళు 1650 అని రికార్డున్నది. సర్కారు ఒప్పుకున్న మరణాలు 379. గుళ్ళకు లెక్క ఉన్నది; ప్రాణం కాచిన తుమ్ముకు లెక్క లేదు. బ్రతికి వచ్చిన మనిషి ఇంట్లో మాత్రం తరతరాలు చెప్పుకునేది ఆ తుమ్ము సంగతే.

క్యూబా రచయిత అలెహో కార్పెంటియర్ 1949లో వ్రాసిన ‘ఈ లోకపు రాజ్యం’ నేటి హైతీ కథ. అదీ ఒకప్పుడు ఫ్రెంచివారి వలస. యజమానులను ఎదిరించిన మకందాల్ అనే ఒంటిచేతి బానిసను 1758లో మంటలో వేశారు. మకందాల్ చచ్చాడని దొరల లెక్క. నవలలో బానిసలు చూసింది వేరు: కట్లు తెంచుకుని వారి తలల మీదుగా అతడు ఎగిరిపోయాడు. వారు ఇంటికి ఏడుస్తూ పోలేదు, నవ్వుతూ పోయారు. ఆ నవ్వు తరువాతి తిరుగుబాటుకు పెట్టుబడి. గార్సియా మార్కెజ్ 1967 నాటి ‘వందేళ్ళ ఏకాంతం’లోనిది వలసరాజ్యం కాదు గాని, విదేశీ అరటి కంపెనీ పెత్తనం. కూలీలను కాల్చి చంపాక అసలు ఎవరూ చావలేదని సర్కారు చాటిస్తుంది. వెంటనే ఆ ఊళ్ళో నాలుగేళ్ళ పదకొండు నెలల రెండు రోజులు వాన కురుస్తుంది. సర్కారు అబద్ధం ముందు ఆ వాన ఏపాటి వింత? అంత వింతనూ మామూలు మొహంతో చెప్పడం తన అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నానని మార్కెజ్ చెప్పుకున్నాడు.

ఇవి మూఢనమ్మకాలకు నీళ్ళు పోయడం కాదా అని చదువుకున్న మిత్రులు ఆక్షేపిస్తారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కాని ఏ నవలా తూనీగకు దణ్ణం పెట్టమని అడగదు. మాయకు హద్దు ఎక్కడో కూడా ఈ రచయితలకు తెలుసు. ముకుందన్ 1989లో వ్రాసిన ‘దైవత్తింటె వికృతికళ్’ అనే నవలకు 1992లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. ఫ్రెంచివారు వెళ్ళిపోయాక మయ్యళిలోనే ఉండిపోయిన అల్ఫోన్స్ అనే గారడీవాడి కుటుంబకథ అది. గులకరాళ్ళను మిఠాయిలుగా మార్చగల అల్ఫోన్స్ తన ఇంటి లేమిని మార్చలేకపోతాడు. దొరల ఓడ వెళ్ళిపోయినది. దొరల పోలిక ఉన్న పేదవాడు ఒడ్డున మిగిలాడు. మంత్రదండం ఆకలి తీర్చదు అని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

అందుచేత నేను గ్రహించినది ఇంతే. పరాయి ప్రభుత్వంలో కాగితం ప్రభుత్వానిది, కలం ప్రభుత్వానిది. జనానికి మిగిలినది నోటిమాట. మనసులో ఉన్న భయాన్నీ, ప్రేమనూ, ఎదురుచూపునూ చెట్టు మీదా పిట్ట మీదా పెట్టి చెప్పుకున్నారు. మా మామ్మ కొబ్బరిచెట్టు గురించి చెప్పలేదు. సముద్రం అవతలకు పోయిన అన్నకోసం ఆ ఇల్లు ఎన్నాళ్ళు అన్నం సయించక కూర్చున్నదో చెప్పింది. నేను చెట్టుకు తారీఖు అడిగాను.

మన పాఠకుల్లో యానాం మూలం కలవారు ఉన్నారు. ఇతర దేశాలకు ఓడలెక్కిన పూర్వీకులు కలవారూ ఉన్నారు. 1954 నాటికి ఊహ తెలిసిన పెద్దలు ఇప్పుడు ఎనభై దాటి ఉంటారు. వారు చెప్పబోతే వినండి. చెట్టు మాట్లాడిందంటే మాట్లాడనివ్వండి. తారీఖు అడగాలనిపిస్తే ఆఖరున అడగండి.

మామ్మ చెప్పిన రెండు వాక్యాలను నేను ఒక కాగితం మీద వ్రాసి, ఇంటి దస్తావేజుల కట్టలో పెట్టాను. ‘అన్నయ్య ఓడెక్కిన ఏడు చెట్టు కాపు మానేసింది. ఉత్తరం వచ్చిన నెలలో గెల వేసింది.’ సంవత్సరం వేయవలసిన చోట ఖాళీగా ఉంచాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తారీఖు లేకుండా నేను దాఖలు చేసిన కాగితం అదొక్కటే.