దరి దాటే ముందు

తీరం కంటికి ఆనని దూరానికి చిన్న తెరచాప పడవలో తొలిసారి వెళ్ళదలచినవారికి ముందుగా కావలసింది ధైర్యమని చాలామంది భావిస్తారు గానీ, ఇటువంటి ప్రయాణాలు ముగించుకొని క్షేమంగా తిరిగివచ్చినవారి సన్నాహాలను పరిశీలిస్తే, ధైర్యం కన్నా పంచాంగమూ పనిముట్ల పెట్టే ఎక్కువగా అక్కరకు వచ్చాయని తెలుస్తుంది. నూజెండ్ల వంటి పల్నాటి మెట్ట ఊళ్ళ పాఠకులకు ఇది పరాయి విషయంగా తోచవచ్చు. అయితే ఈ విద్యలో పేరు తెచ్చుకున్న ఇద్దరు తెలుగు మహిళల్లో ఒకరు సముద్రమే లేని హైదరాబాదు నుంచి వచ్చారు.

భారత నౌకాదళానికి చెందిన తారిణి, సుమారు 55 అడుగుల పొడవున గోవాలో నిర్మితమైన, ఒకే కొయ్య (తెరచాప స్తంభం) గల నౌక. 2017 సెప్టెంబరు 10న లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి నాయకత్వంలో గోవా నుంచి బయలుదేరిన ఆరుగురు మహిళా అధికారుల్లో విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. 254 రోజుల్లో 21,600 నాటికల్ మైళ్ళు తిరిగి 2018 మే 21న వారు గోవా చేరారు. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. దక్షిణ అమెరికా కొనన ఉన్న కేప్ హార్న్‌ను 2018 జనవరిలో, అంటే దక్షిణార్ధగోళపు వేసవిలో, దాటారు. ప్రయాణంలోకెల్లా కష్టమైన చోటికి ఏ నెలలో చేరాలో ముందు తేల్చుకొని, అక్కడి నుంచి వెనక్కి లెక్కవేస్తే బయలుదేరవలసిన తేదీ దానంతట అదే తేలుతుంది. ముహూర్తం పెట్టవలసిన పద్ధతి ఇదే.

ఈ బృందం నేరుగా భూప్రదక్షిణకు దిగలేదన్నది అంతకన్నా ముఖ్యమైన సంగతి. 2016లోనూ 2017లోనూ మారిషస్‌కు వెళ్ళివచ్చి, 2016 డిసెంబరులో గోవా నుంచి కేప్‌టౌన్ దాకా సాగాకనే వారు పెద్ద ప్రయాణానికి సిద్ధపడ్డారు.

బంగాళాఖాతంలో తొలి ప్రయాణానికి ఈ పద్ధతినే అన్వయిస్తే, విశాఖపట్నం నుంచి అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్, అంటే ఇప్పటి శ్రీవిజయపురం, దాకా ఉన్న దారి మంచి ఉదాహరణ అవుతుంది. ఆ దూరం రమారమి 650 నాటికల్ మైళ్ళు. గంటకు ఒక నాటికల్ మైలు వేగాన్ని ఒక నాట్ అంటారు కనుక, అయిదు నాట్ల సగటుతో సాగే పడవకు అయిదున్నర రోజులు పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ మళ్ళీ ఏప్రిల్, మే నెలల్లోనూ ఈ సముద్రంలో తుపానుల భయం ఉంటుంది. జూన్ నుంచి నైరుతి రుతుపవనాల ఉధృతి. మిగిలినవాటిలో జనవరి, ఫిబ్రవరి నెలల్లో ప్రధానంగా వీచేది ఈశాన్య గాలి. పోర్ట్ బ్లెయిర్ విశాఖకు ఆగ్నేయంగా ఉంది, తిరుగుదారి వాయవ్యానికి; కాబట్టి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ గాలి పడవకు పక్క నుంచే తగులుతుంది, ఎదురుగాలితో పెనుగులాట తక్కువ. ఇల్లు కట్టే ప్రతిసారీ ఈ మూలల పేర్లు వల్లించే తెలుగువారికి ఈ లెక్క కొరుకుడుపడకపోదు.

పడవలో పరీక్షించవలసినవాటిలో కొయ్యను నిలబెట్టే ఉక్కుతీగలది మొదటి స్థానం. అనేక పోగులు పేనిన ఆ తీగను పాత నూలుగుడ్డతో చుట్టి పట్టుకొని కిందివరకూ మెల్లగా లాగితే, ఒక్క పోగు తెగి లేచి ఉన్నా గుడ్డ అక్కడ చిక్కుకుంటుంది. కంటికి కనిపించని లోపం పత్తి దారానికి దొరికిపోతుందన్నమాట. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద పడే ఒత్తిడి నాలుగింతలవుతుంది కాబట్టి, తెరచాప కింది భాగాన్ని మడిచి కట్టి వైశాల్యం తగ్గించే రీఫింగ్ అనే పనిని, చీకట్లో కూడా తడుముకోకుండా చేయగలిగేదాకా రేవులోనే సాధన చేయాలి. నలుగురు మనుషులకు తలకు రోజుకు నాలుగు లీటర్ల చొప్పున ఆరు రోజులకు 96 లీటర్ల నీరు చాలునని కాగితం చెబుతుంది గానీ, గాలి పడిపోయే రోజులను తలచుకొని దానికి రెట్టింపు, అదీ ఒకే తొట్టిలో కాక విడివిడిగా, నింపుకోవడం మేలు. అంతటి సన్నాహంతో వెళ్ళిన తారిణి కూడా చివరి అంచెలో చుక్కాని యంత్రాంగం చెడడంతో మారిషస్‌లో ఆగవలసివచ్చింది. అందువల్ల చుక్కాని యంత్రాంగానికి ప్రత్యామ్నాయంగా చేతితో తిప్పే పిడిని వెంట ఉంచుకోవడమే కాదు, బయలుదేరకముందే దాన్ని బిగించి నడిపి చూడాలి.

ఇదే తీరాన చినగంజాం దగ్గరి మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244-45లో వేయించిన శాసనం, తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజుల్లా స్వాధీనం చేసుకోబోమనీ, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామనీ అభయమిచ్చింది. ఓడ పగలడం అంత మామూలు సంగతి కాబట్టే దానికొక శాసనం అవసరమైంది. నేటి అభయం వేరే రూపంలో ఉంది. అలల ఎత్తును, గాలివాటును ముందుగా చెప్పే భారత జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రం, ఇన్‌కాయిస్, పనిచేసేది హైదరాబాదులోనే. ఎపిర్బ్ అనే చిన్న పరికరం ఆపదలో 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలకు సంకేతం పంపుతుంది. అయితే పడవ పేరుతో, యజమాని వివరాలతో ముందే నమోదు చేయించకపోతే, ఆ సంకేతం ఎవరిదో తేల్చుకోవడానికే వెతికేవారి సమయం ఖర్చవుతుంది.

వీటన్నిటి తరువాత ఒడ్డున ఉండే మనిషికి ఇచ్చిపోవలసిన కాగితం ఒకటి మిగులుతుంది. అందులో పడవ రంగు, మనుషుల పేర్లు, దారి, చేరవలసిన తేదీతో పాటు, ఏ రోజు ఏ గంట దాకా కబురు రాకపోతే తీరరక్షక దళానికి 1554 నంబరుకు ఫోను చేయాలో కూడా రాసి ఉండాలి. ఆ గంటను లంగరు ఎత్తకముందే, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చొని నిర్ణయించుకుంటారు.