వార్తల్లో పదం: ఈయూ ఆర్కిటిక్ విధానం

గ్రీన్‌లాండ్ పతాక శీర్షికలకు ఎక్కినప్పుడల్లా వెన్నంటి వచ్చే మాట ఇది. ఉత్తర ధ్రువ ప్రాంతంలో వాతావరణం, భద్రత, ఖనిజాలు, స్థానిక ప్రజల విషయంలో 27 దేశాల ఐరోపా సమాఖ్య (ఈయూ) ఎలా నడుచుకోవాలో చెప్పేదే ఈయూ ఆర్కిటిక్ విధానం. 2008లో దీనికి తొలి అడుగు పడింది. 2021 అక్టోబరులో సమగ్రంగా తిరగరాశారు.

ఇది చట్టం కాదు, దిశానిర్దేశం మాత్రమే. పరిశోధన నిధులు, చేపల వేట ఒప్పందాల వంటివే దీని పనిముట్లు. చిత్రమేమిటంటే, సమాఖ్యకు ఆర్కిటిక్ మహాసముద్ర తీరమే లేదు! డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్ సభ్యదేశాలే. కానీ డెన్మార్క్ ఏలుబడిలోని గ్రీన్‌లాండ్ 1985లోనే అప్పటి ఐరోపా ఆర్థిక సంఘం నుంచి బయటికొచ్చింది. అయినా 2024లో దాని రాజధాని నూక్‌లో ఈయూ కార్యాలయం తెరిచింది.

ఎనిమిది దేశాల ఆర్కిటిక్ మండలిలో పరిశీలక హోదా కోసం ఈయూ 2008లోనే అర్జీ పెట్టుకుంది. మరుసటి ఏడాది సీల్ చర్మం, మాంసం వంటి ఉత్పత్తుల అమ్మకాన్ని నిషేధించడంతో కెనడా అడ్డుచెప్పింది. ఆర్కిటిక్ ఆదివాసులైన ఇన్యూట్ తెగల వేటకు మినహాయింపు ఉన్నా పేచీ ఏళ్ల తరబడి సాగింది.

2021 పత్రంలో ఎక్కువ చర్చ రేపింది మరో అంశం: ఆర్కిటిక్ చమురు, గ్యాస్, బొగ్గును తవ్వకుండా భూమిలోనే ఉంచాలన్న పిలుపు. చమురు ఆదాయంపై ఎంతో ఆధారపడే నార్వేకు అది రుచించలేదు.

మనకేంటి? 2013లో స్వీడన్‌లోని కిరునాలో జరిగిన ఆర్కిటిక్ మండలి సమావేశంలోనే భారత్‌కు పరిశీలక హోదా దక్కింది. ఈయూ అర్జీపై తుది నిర్ణయం వాయిదా పడింది. ఆర్కిటిక్ మంచు కరుగుదలకూ మన రుతుపవనాలకూ ఉన్న లంకెను మన శాస్త్రవేత్తలు నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లోని ‘హిమాద్రి’ కేంద్రం సాయంతో శోధిస్తున్నారు.