పాస్‌వర్డు - పిండిమర - చిటికెడు ఉప్పు

యూనియన్ కార్యదర్శి మా గదికి వచ్చి, "సావనీరుకి కంప్యూటర్ల మీద ఏదన్నా రాసివ్వు" అన్నాడు. కంప్యూటర్లు మానవాళికి చేస్తున్న మహోపకారం గురించి నాలుగు పేజీలు రాస్తానని అనుకుని ఉంటాడు పాపం. నేను రాయబోయేది నేను చేసిన ఒక తప్పు గురించి. హాస్టల్లో ఉన్న మీలో చాలామందికి అది సంబంధించిందే గనుక, దాన్ని ఎట్లా దిద్దుకున్నానో చెప్పుకోవటం ధర్మం.

పోయినేడు మా హాస్టల్ మెస్ లెక్కల కోసం ఒక వెబ్ అప్లికేషన్ తయారుచేశాను. ఎవరి నెల బిల్లు వాళ్లు చూసుకోవచ్చు. ఊరికెళ్లే రోజుల్లో భోజనం వద్దని ముందే చెప్పుకోవచ్చు. ఒకరి భోజనం ఇంకొకరు రద్దు చెయ్యకుండా ప్రతివాళ్లకీ ఒక పాస్‌వర్డు పెట్టాను. డేటాబేసులో ఒక పట్టిక: రోల్ నంబరు, పేరు, గది నంబరు, పాస్‌వర్డు. విద్యార్థి టైపు చేసిందీ, పట్టికలో ఉన్నదీ ఒకటే అయితే లోపలికి రానివ్వటం, కాకపోతే పొమ్మనటం. పది లైన్లలో పని అయిపోయింది. నా భుజం నేనే తట్టుకున్నాను.

ఒకరోజు ఒక కుర్రాడి బిల్లు తప్పుగా వచ్చిందంటే మెస్ ఆఫీసులో కూర్చుని ఆ పట్టిక తెరిచాను. నా వెనక అయిదారుగురు నిలబడి ఉన్నారు. తెర మీద వరుసగా అందరి పాస్‌వర్డులూ! ఒకడు నవ్వుతూ పైకి చదవటం మొదలెట్టాడు. కొన్ని సినిమా హీరోల పేర్లు, కొన్ని సెల్ నంబర్లు. బిల్లు తప్పొచ్చిన ఆ జూనియర్ పాస్‌వర్డు వాళ్ల నాన్నగారి పేరు, పక్కన ఆయన పోయిన సంవత్సరం. చదువుతున్నవాడి గొంతు అక్కడ ఆగిపోయింది. నేను గబుక్కున కిటికీ మూశాను గాని, అప్పటికే ఆలస్యమైంది.

రాత్రి ఆ కుర్రాడు నా గదికొచ్చాడు. నన్ను ఒక్కమాట అనలేదు. "అన్నా, నా మెయిలుకీ అదే పెట్టుకున్నా. స్కాలర్‌షిప్ దరఖాస్తుకీ అదే. ఇప్పుడేం చెయ్యాలి?" అనడిగాడు. నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే మార్చాం.

వాడు వెళ్లాక నిద్రపట్టక, ఈ తప్పు ఇంకెవరన్నా చేశారా అని వెతికాను. చేశారు, అదీ సామాన్యులు కారు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బటో బృందం 1961లో ఒకే కంప్యూటర్ని అనేకమంది పంచుకునే పద్ధతిని నడిపి చూపింది. ఒకరి ఫైళ్లు ఇంకొకరు చూడకుండా దానికి పాస్‌వర్డులు పెట్టారు. అవన్నీ ఒక ఫైలులో ఉన్నవున్నట్టుగా ఉండేవి. 1962లో అలన్ షేర్ అనే పరిశోధక విద్యార్థి, తనకిచ్చిన వారానికి నాలుగు గంటల సమయం చాలక, ఆ ఫైలును అచ్చు వేయించుకుని ఇతరుల పేర్లతో పని చేసుకున్నాడు. ఇంకోసారి ఇద్దరు నిర్వాహకులు ఒకేసారి రెండు ఫైళ్లు దిద్దుతుంటే అవి తారుమారై, లాగిన్ అయిన ప్రతివాళ్లకీ ఆనాటి ప్రకటనకి బదులు అందరి పాస్‌వర్డులూ కనిపించాయి. అంటే నా తప్పు నాకన్నా వయసులో చాలా పెద్దది!

మరి దీనికి విరుగుడేమిటి? సర్వర్ దగ్గర అసలు పాస్‌వర్డు ఉంచకపోవటమే. లేనిదాన్ని పోల్చి చూడటం ఎట్లా అని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది.

పిండిమరని తలుచుకోండి. బియ్యం పోస్తే పిండి వస్తుంది. పిండిని తిరిగి బియ్యం చెయ్యటం ఎవరి తరమూ కాదు. పాస్‌వర్డుని అట్లా నలగ్గొట్టే గణితపు మర ఒకటుంది. దాన్ని హాష్ అంటారు. ఒకే పాస్‌వర్డు ఎన్నిసార్లు వేసినా ఒకే పిండి వస్తుంది. ఒక్క అక్షరం మారితే పిండి మొత్తం మారిపోతుంది. సర్వర్ పిండిని మాత్రమే దాచుకుంటుంది. మీరు మళ్లీ వచ్చి పాస్‌వర్డు టైపు చేసినప్పుడు దాన్ని అదే మరలో వేసి, పాత పిండితో పోల్చి, సరిపోతే లోపలికి రానిచ్చి, బియ్యాన్ని అక్కడే మరిచిపోతుంది.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే మళ్లీ పొరపాటే. ఇద్దరు ఒకే పాస్‌వర్డు పెట్టుకుంటే పిండీ ఒకటే అవుతుంది. దొంగ నిఘంటువులోని మాటలన్నీ ముందే మరాడించి ఉంచుకుంటే, పిండి చూసి బియ్యం చెప్పేస్తాడు. అందుకని ఒక్కొక్కరి బియ్యంలో ఒక్కోరకం ఉప్పు కలుపుతారు. నిజంగానే దాన్ని ఉప్పు అనే అంటారు! అది ప్రతివాళ్లకీ వేరుగా ఉండే, ఎవరూ ఊహించలేని కొన్ని అక్షరాల వరస. దాన్ని పిండి పక్కనే రాసి పెట్టుకోవచ్చు, రహస్యం కానక్కరలేదు. ఇప్పుడు ఇద్దరి పాస్‌వర్డు ఒకటే అయినా పిండి ఒకటి కాదు. దొంగ ఒక్కొక్కరి కోసం విడిగా పాటుపడాలి. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ యునిక్స్‌లో ఈ పద్ధతి వాడి, 1979లో దాని గురించి వ్యాసం రాశారు. అయినా 2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి 3 కోట్లకు పైగా పాస్‌వర్డులు ఉన్నవున్నట్టుగా బయటపడ్డాయి. 2012లో లింక్డిన్ నుంచి సుమారు 65 లక్షలు ఉప్పు లేని పిండిగా బయటపడ్డాయి.

మూడోది విచిత్రంగా ఉంటుంది. మర నిదానంగా తిరగాలి. మామూలు హాష్‌ని నేటి కంప్యూటర్లు సెకనుకి కోట్లసార్లు తిప్పగలవు. అది దొంగకే లాభం. అందుకే నీల్స్ ప్రోవోస్, డేవిడ్ మాజియేర్స్ 1999లో బీక్రిప్ట్ అనే నిదానపు మరని ప్రకటించారు. ఎంత నిదానమో మనమే చెప్పుకోవచ్చు. 12 అని పెడితే లోపలి పని 4096 సార్లు జరుగుతుంది. మీరు లాగిన్ అయ్యేటప్పుడు ఆ రెప్పపాటు ఆలస్యం తెలియదు. కోట్ల మాటలు వేసి చూడాలనుకునేవాడికి మాత్రం ఏళ్లు పడుతుంది. 2015లో ముగిసిన పోటీలో ఆర్గాన్2 అనేది గెలిచింది. నేను అదే వాడాను. ఇట్లాంటి మరలు పెద్దలు పరీక్షించినవి సిద్ధంగా దొరుకుతాయి. సొంత తెలివితో కొత్తది బిగించబోకండి.

లాగిన్ అయ్యాక ఇంకొక చిక్కు. వెబ్ సర్వరుకి మతిమరుపు. ఒక పేజీ ఇచ్చి రెండో పేజీకి మిమ్మల్ని మరిచిపోతుంది. అందుకని సైకిల్ స్టాండులో ఇచ్చినట్టు ఒక టోకెన్ ఇస్తాం. నేను మొదట టోకెన్ మీద రోల్ నంబరే వేశాను. పక్కవాడి నంబరు వేసుకుంటే పక్కవాడైపోవచ్చన్నమాట! ఇప్పుడు ఎవరూ ఊహించలేని పొడవాటి సంఖ్య వేస్తున్నాను. దారిలో ఎవరూ చదవకుండా సమాచారమంతా హెచ్‌టీటీపీఎస్ గుండా పంపిస్తున్నాను. అయిదుసార్లు తప్పు కొడితే కాసేపు ఆగమంటున్నాను. తప్పు పడ్డప్పుడు "రోల్ నంబరు గాని పాస్‌వర్డు గాని సరికాదు" అనే చెప్తాను. ఏది తప్పో విడిగా చెబితే దొంగకి సగం దారి చూపినట్టే.

పాస్‌వర్డు మరిచిపోయినవాళ్లకి పాతది చెప్పటం కుదరదు. కొత్తది పెట్టుకోవటానికి ఒక్కసారే పనిచేసే, కాసేపటికి చెల్లిపోయే లింకు పంపాలి. కంప్యూటర్ చదవని మిత్రులు ఈ వ్యాసంలో ఇంకేదీ గుర్తుంచుకోకపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. ఎక్కడైనా "మరిచిపోయాను" అనగానే మీ పాత పాస్‌వర్డే మీకు పంపారంటే, వాళ్ల దగ్గర మీ బియ్యం బియ్యంగానే ఉంది. అక్కడ పెట్టింది మరెక్కడా పెట్టకండి.

ఆ వారాంతంలో పట్టికంతా మరాడించాను. పాత గడిని చెరిపేశాను. దాచి ఉంచిన నకళ్లలోనూ చెరపాలని మర్నాడు గుర్తొచ్చి, అవీ చెరిపాను. తర్వాత మెస్ బోర్డు మీద నా పేరు పెట్టి, జరిగింది రాసి, అదే పాస్‌వర్డు ఇంకెక్కడైనా ఉంటే మార్చుకోమని వేడుకున్నాను. నాలుగు చీవాట్లు పడ్డాయి. పడాల్సినవే.

ఆ జూనియర్ ఇప్పుడు మెస్ లెక్కల్లో నాకు సాయం చేస్తున్నాడు. మొన్న నా ఎదుటే కొత్త పాస్‌వర్డు పెట్టుకున్నాడు. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. వాడు ఏం పెట్టుకున్నాడో నాకు తెలియదు, మా సర్వరుకీ తెలియదు.