ఎగువదారికి ఒంటిగేరు సైకిలు

విశాఖపట్టణమున వన్ టౌనని వ్యవహరింపబడు పాతపట్టణమందు కాపురముండు సోదరీమణులకు ఎత్తుపల్లముల సంగతి మేము వేఱుగ జెప్పనక్కఱలేదు. ఓడరేవు కాలువ ప్రక్కనే రాస్ కొండ, దర్గాకొండ, వేంకటేశ్వరస్వామి కొండ యొకదానివెంట నొకటి నిలిచియున్నవి. కోటవీధి, పాత పోస్టాఫీసు, కురుపాం మార్కెట్టు పరిసరములలో సందు మలుపు తిరిగినచో త్రోవ ఎక్కుటయో దిగుటయో యగును. జగదాంబ కూడలివైపునుండి ఏ.వి.ఎన్. కళాశాల ప్రక్కగా వచ్చు త్రోవకు జనులు ‘డౌను’ అనియే పేరు పెట్టిరి. దిగువారి కది డౌనే గాని, పుస్తకముల సంచితో దాని నెక్కవలసిన బాలికకు ఆ పేరు హాస్యముగ దోచును.

మే మెఱిగిన యిండ్లలో ఆడపిల్లలకు గొన్న సైకిళ్ళు మూడునెలలు దాటకమునుపే మేడమెట్లక్రింద జేరుచున్నవి. “ఎక్కలేకపోవుచున్నాను, మోకాళ్ళు నొచ్చుచున్నవి” అని పిల్ల యనగానే పెద్దలు ఆటో కుదుర్తురు. ఆటోకు చెల్లింపలేని యింట పిల్ల ట్యూషనే మానుకొనును. కొందఱు తల్లులు “ఆడపిల్లకు సైకిలు పడదమ్మా” అని తీర్పు చెప్పుటయు వింటిమి. ఇట్టి తీర్పునకు ముందు బండి వెనుకచక్రమునకు పళ్ళెన్ని యున్నవో లెక్కించిరా యని వారి నడుగవలెనని మాకు దోచుచుండును.

బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్ళిచ్చు పథకము నారంభించెను. మన రాష్ట్రమునను ‘బడికొస్తా’ యను పేర బాలికలకు సైకిళ్ళు పంచిరి. అట్టివి సాధారణముగ గేర్లులేని బండ్లే. ఇప్పుడంగళ్ళలో లావుటైర్లతో, వెడల్పు హ్యాండిలుతో ‘ఎం.టి.బి.’ యని అమ్ము కొండసైకిళ్ళలోను చాల భాగము ఒంటిగేరువే. దీనిలో చిన్నతన మేమియు లేదు. గేర్లబండికంటె వెల తక్కువ, బరువు తక్కువ, చెడిపోవు తీగలు మీటలు తక్కువ. కాని ఉన్న యొక్క గేరును ఎవరో సమతలపు ఊరివారిని మనసులో నుంచుకొని నిర్ణయించిరి. దానిని మన కొండకు దగినట్లు మార్చుకొనుట మన పని.

గేరనగా నేమి? పెడలు దగ్గఱి పెద్ద చక్రమునకు కొన్ని పళ్ళు, వెనుకచక్రమున నుండు ఫ్రీవీలునకు కొన్ని పళ్ళు. మొదటిదానిని రెండవదానిచే భాగించినచో పెడలు ఒకసారి తిరుగగా వెనుకచక్ర మెన్ని మాఱులు తిరుగునో తెలియును. మా యింటివారు బడిలో నిష్పత్తుల పాఠము చెప్పునపుడు సైకిలునే నల్లబల్లమీద గీయుదురు. ముందు 44, వెనుక 18 పళ్ళున్న 26 అంగుళముల చక్రపు బండిని దీసికొందము. పెడలు ఒకచుట్టునకు చక్రము ఇంచుమించు రెండున్నర చుట్లు తిరిగి బండి 5 మీటర్లు సాగును. సమతలమున ఇది హాయి. ఎగువన మాత్రము ఆ 5 మీటర్లను ఒక్క చుట్టులో పైకి మోయవలసినది పిల్ల మోకాలే.

ఆ 18 పళ్ళ ఫ్రీవీలును దీసి 22 పళ్ళది వేయించినచో చక్రము సరిగా రెండు చుట్లు తిరుగును; బండి 4 మీటర్లకు కొంచెము మించి సాగును. త్రొక్కుటకు వలయు బలము నూటికి 18 పాళ్ళు తగ్గును. కొండమీద ఆ భేదము కాలికి వెంటనే తెలియును. నష్టము లేకపోలేదు. నిమిషమునకు 60 చుట్లు త్రొక్కు పిల్ల సమతలమున మునుపు గంటకు 18 కిలోమీటర్లు పోయినచో ఇపుడు 15 మాత్రమే పోగలదు. బడికి రెండు నిమిషములు ముందుగా బయలుదేరిన సరిపోవును. 22 మరీ తేలికయని తోచినవారు 20తో తృప్తిపడవచ్చును. కొండదారులలో ఒంటిగేరు త్రొక్కు అనుభవజ్ఞులు 26 అంగుళముల చక్రమునకు ముందు 32, వెనుక 16, అనగా రెండింటి కొకటి యను లెక్కతో మొదలిడి, ఎగువ యెక్కువైనకొలది వెనుక 18కిని 20కిని పోవుదురు.

ఫ్రీవీలు త్రొక్కినకొలది బిగియు మఱచుట్టుతో నుండును గనుక ఇంట ఊడదీయ బ్రయత్నింపక, దానికి దగిన పనిముట్టున్న సైకిలుషాపువానికి అప్పగించుట మేలు. “తేలికగా చేయుము” అని మాత్రము చెప్పి రాకుడు. అతడు నూనె వేసి పంపును. “వెనుక 22 పళ్ళ ఫ్రీవీలు వేయుము” అని లెక్కతో జెప్పవలెను. నాలుగు పళ్ళు పెరిగినందున చైనుకు ఒక అంగుళము అదనముగ కావలెను. ఇరుసును చీలికలో అర అంగుళము ముందునకు జరిపియైనను, ఒక జత లింకులు చేర్పించియైనను సరిచేయవచ్చును.

ఇట్లు పళ్ళు మార్చుట క్రొత్త విద్యగాదు. ఫ్రాన్సుదేశపు మహాపందెమగు టూర్ ద ఫ్రాన్సులో 1937 వఱకు గేరుమార్చు యంత్రములకు అనుమతి లేకుండెను. పందెగాండ్రు వెనుకచక్రమునకు రెండు ప్రక్కల రెండు పంటిచక్రములు బిగించుకొని, కొండ మొదట దిగి, చక్రమును ఊడదీసి త్రిప్పి పెట్టుకొని యెక్కిరి. కొండసైకిలు పుట్టుకయు చిత్రమే. 1970 తరువాత అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందఱు యువకులు లావుటైర్ల పాతబండ్లను కొండపైకి జేర్చి, మట్టిదారిని పందెముగ దిగిరి. 1976లో మొదలైన ఆ పందెమునకు ‘రీప్యాకు’ అని పేరు. ఒక్క దిగుడులోనే వెనుక బ్రేకులోని గ్రీజు కాలి పోవుచుండగా ప్రతిసారి మరల కూరవలసివచ్చుటచే ఆ పేరు వచ్చెను.

పండ్లలెక్క కుదిరిన పిమ్మట చైను చూడుడు. మధ్య వ్రేలితో నొక్కినపుడు పైకి క్రిందికి అర అంగుళ మాడవలెను. వదులైనచో ఎగువలో గట్టిగ త్రొక్కినపుడే జాఱిపోవును. నిలుచుండి త్రొక్కు పిల్ల ముందునకు దూలి పడును. మరీ బిగువైనచో త్రొక్కుట బరువై బేరింగులు అరుగును. వెనుక ఇరుసు నట్లు రెండును గట్టిగ బిగించియుండవలెను. లేకున్న త్రొక్కుబలమునకు చక్ర మొకవైపునకు లాగబడి ఫ్రేమును రాయును. దశరథుని రథమున చీల యూడగా కైకేయి తన వ్రేలుంచి నిలిపెనని పురాణకాలక్షేపములలో విందుము గదా. మన పిల్లలకు స్పానరున్నది. చున్నీలు, పరికిణీలు చైనులో జిక్కకుండ కవరుండితీరవలెను.

సీటు సంగతి. పెడలు అట్టడుగున నున్నపుడు మడమ దానిపై నుంచినచో కాలు చక్కగా సాగవలెను. అపుడు పాదపు ముందుభాగముతో త్రొక్కునపుడు మోకాలు కొంచెము వంగియుండును. మోకాలినొప్పి యను ఫిర్యాదులో సగము సీటు మరీ క్రిందనుండుటచేతనే యని మా అభిప్రాయము. పిల్ల యెదుగుచుండును గనుక ఆఱునెలల కొకసారి చూడవలెను.

ఒంటిగేరుబండిపై ఎగువ నెక్కువారు తఱచు నిలుచుండి త్రొక్కవలెను. అపుడు చేతులు హ్యాండిలును లాగును; వెడల్పు హ్యాండిలు పట్టునిచ్చును. మరీ ముందునకు వ్రాలినచో వెనుకటైరు ఇసుకలోను తడిలోను జాఱును. మరీ వెనుకకు పోయినచో ముందుచక్రము తేలి దారి తప్పును. నడుము పెడళ్ళకు పైగా నుండుట సరియైన చోటు. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకు వెనుకకు ఊపినపుడు హ్యాండిలు మెడలో ‘టకటక’ వినబడినచో కప్పుల బేరింగు బిగింపవలెను. ఆ వదులుతో డౌను దిగుట ప్రమాదము. టైరుప్రక్కన అచ్చువేసిన గాలిహద్దు మీఱరాదు. తేలికైన బాలికకు రెండంగుళముల టైరులో 35 మొదలు 40 పౌనుల గాలి చాలును. రాతి నట్టుకొని పోవును. తారురోడ్డు మీదనే తిరుగు బండికి పెద్దపెద్ద బుడిపెల టైరు దండుగ.

సందులో ఎడమకు కుడికి వంకరలు తిరుగుచు ఎగువ నెక్కు నలవాటు కొందఱికి గలదు. ఆటోలు వచ్చు చోట దాని మానవలెను. శ్వాస చాలనిచో దిగి నడిపించుకొని పోవుట తప్పుగాదు.

ఎక్కినది దిగవలెను గదా. బ్రేకుల విషయమున మేము కొంచెము కఠినముగనే చెప్పదలచితిమి. మా వీధి బాలిక యొకతె తొలకరి చినుకులలో డౌను దిగుచు వెనుక బ్రేకొక్కటే పట్టి, ఆగక, అరుగు నంటి చేయి విఱుగగొట్టుకొన్నది. ఇనుప రిమ్ము తడిసినపుడు రబ్బరు దానిని పట్టదు. అల్యూమినియము రిమ్ము మేలు. ముందు వెనుక బ్రేకులు రెండును కలిపి, కొంచెము కొంచెముగ, వేగము పెరుగకమునుపే పట్టవలెను. రబ్బరుకట్టల గాళ్ళు అరిగిపోగానే మార్పింపవలెను. వానదినమున పైనుండగనే రెండుమూడుసార్లు పట్టివదలి రిమ్ము నారబెట్టుకొని దిగవలెను.

ఇక సముద్రపుగాలి. మైదానపుటూళ్ళలో ఆఱునెలలు నిలుచు చైను ఇచట వర్షకాలమున వారములో ఎఱ్ఱబాఱును. పాతగుడ్డతో ఉప్పు, మట్టి తుడిచి, లింకు కొక్క బొట్టు చొప్పున కుట్టుమిషను నూనె వేసి, పెడలు వెనుకకు త్రిప్పి, పైకి మిగిలిన నూనెను మరల తుడువవలెను. కొబ్బరినూనె వాడకుడు. ఆదివారము పిల్ల తలంటుకు ముందు ఈ పని పెట్టుకొన్నచో చేతుల మసి దానితోనే పోవును.